నేలకు దుప్పటి

నేలనుగూర్చి వ్రాయుట కేమున్నదని సోదరీమణులు నవ్వవచ్చును. మేమును మొదట అట్లే తలచితిమి. గోడల రంగునకు పది దినములు, కిటికీ తెరలకు వారము దినములు ఆలోచించిన మేము, నేలమీద నేమి పరచవలెనో ఒక్క సాయంకాలములో నిశ్చయించితిమి. ఆ తొందరపాటువలన ఒక చలికాలములో సగము చెడినది, ధనము చెడినది; అన్నిటికంటె నెక్కువగా, డెబ్బదిరెండేండ్ల మా అత్తగారి మనస్సు నొచ్చినది. నేడు చలిదేశములలో కాపురములు చేయు బిడ్డలు లేని తెలుగిండ్లు తక్కువ. అచ్చటికి పోయి నాలుగు నెలలుండి వచ్చు తల్లులకును, అచ్చట ఇల్లమర్చుకొను కోడండ్రకును పనికివచ్చునేమో యని మా యనుభవమును వ్రాయుచున్నాము.

మావారు గణితోపాధ్యాయులు. 2021వ సంవత్సరమున వారికి ఇంగ్లాండులో, లీడ్సు నగరమునకు సమీపముననున్న యొక పాఠశాలలో ఉద్యోగము దొరకగా మేము అచ్చటికి పోతిమి. రెండేండ్లు అద్దె యింట గడిపి, 2023లో అప్పుచేసి యొక చిన్న పాతయిల్లు కొంటిమి. మేడమీద రెండు పడకగదులు. క్రింద ముందుగది, వంటయిల్లు. వంటయింటి వెనుక, మాకు ముందున్నవారు క్రొత్తగా కట్టించి సగములో విడిచిన గది యొకటి. తక్కిన గదులలో గోడల కానించిన ఇనుప రేడియేటర్లున్నవి. వెనుకగదిలో అవి లేవు. దాని నేలలోనే, సిమెంటు పూతక్రింద, వ్రేలిలావు ప్లాస్టిక్ గొట్టములు చుట్టలు చుట్టలుగా పరచియున్నవి. బాయిలరునుండి వెచ్చని నీరు ఆ గొట్టములలో తిరిగి నేలను వేడిచేయును. నేల గదిని వేడిచేయును. పైన నేమియు పరచకుండ సిమెంటు వట్టిగా నుండెను. "మీకు నచ్చినది పరచుకొనుడు" అని చెప్పి వారు వెడలిపోయిరి.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. ప్రాచీన రోమకులు స్నానశాలల నేలలను పొట్టి స్తంభములపై నిలిపి, క్రింది ఖాళీలో వేడిపొగను పారించెడివారు. కొరియాదేశస్థులు పొయ్యి వేడిని రాతిపలకల క్రిందుగా నడిపి, పైన నూనెకాగితము నంటించి, ఆ నేలమీదనే కూర్చుండి, భుజించి, నిద్రించెడివారు. దానిని ఒండోల్ అందురు. నేడును అచ్చటి యిండ్లలో వేడినీటి గొట్టములతో ఆ యాచారము సాగుచునే యున్నది. మన కాశ్మీరములోను హమామ్ అను రాతినేల గది గలదు. క్రింద కట్టెలు మండించి పైన కూర్చుందురు. ఇవన్నియు మాకు తరువాత తెలిసినవి. ముందే తెలిసియున్నయెడల, వీరందరు క్రింద నిప్పుంచి పైన రాయియే యెందుకు పరచిరో కొంచెమైన ఆలోచించి యుందుము.

2024వ సంవత్సరము నవంబరులో అత్తగారిని తీసికొనివచ్చుటకు నిశ్చయమైనది. ఆమె అమలాపురము దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినవారు. కుర్చీలో అరగంట కూర్చున్నచో కాళ్లకు నీరు దిగును. నేలమీద నయితే పూటంతయు కూర్చుందురు. కూరలు తరుగుట, భాగవతము చదువుకొనుట, పీటమీద భోజనము, అన్నియు నేలమీదనే. మెట్లెక్కలేరు గనుక వెనుకగది ఆమెకని అనుకొంటిమి. అప్పుడు నేలమాట వచ్చినది.

దుకాణములో రాతిపలకలు, టైల్సు, కొయ్యపలకలు, తివాసులు అన్నియు చూపిరి. రాయి యనగానే మాకు పుట్టినింటి వేసవి జ్ఞప్తికి వచ్చెను. మే నెల మధ్యాహ్నమున నాపరాతి నేలను తడిగుడ్డతో తుడిచి, వీపు మోపి పరుండిన సుఖము ఎవరికి తెలియదు? మనకు రాయి యనగా చలువ. ఇట్టి చలిదేశములో రాయి పరచి పెద్దదానిని దానిమీద కూర్చుండబెట్టుదుమా యని మేమే మొదట అంటిమి. మావారు మారుమాటాడలేదు. ఉన్నవానిలోకెల్ల దళసరి ఉన్ని తివాసి, దానిక్రింద ఇంకను దళసరియైన స్పాంజి మెత్త తెప్పించి గోడనుండి గోడకు పరపించితిమి. అడుగు వేసిన పాదము దిగబడెడిది. దాని క్రింద నేమున్నదని దుకాణదారుడు అడుగలేదు, మేము చెప్పలేదు.

అత్తగారు వచ్చిరి. మొదటి దినమున తివాసిని చేతితో నిమిరి సంతోషించిరి. నాలుగవనాడు "నేల మెత్తగానే ఉంది గాని వెచ్చన లేదమ్మాయ్" అనిరి. థర్మామీటరు చూడగా గది 18 డిగ్రీలు దాటలేదు. నీటి వేడిని పెంచితిమి. గ్యాసు ఖర్చు పెరిగెను గాని గది వేడెక్కలేదు. ఒకనాడు భోజనముచేయుచుండగా పులుసు తివాసిమీద నొలికెను. ఎంత తుడిచినను పసుపుమరక పోలేదు. ఆమె నోరెత్తి యేమియు అనలేదు. మరునాటినుండి బల్లయొద్ద కుర్చీ అంచున కూర్చుండి, చుట్టపుచూపుగా వచ్చినవారివలె రెండు ముద్దలు తిని లేచిపోవుచుండిరి. కాళ్లు వాచినవి. పగలంతయు మంచముమీదనే, దుప్పటి కప్పుకొని యుండిరి.

నవంబరు నెలాఖరున ఒక సాయంకాలము మేము పాలు తీసికొని ఆమె గదికి పోవుచుండగా, ఆమె మా ఆడబిడ్డతో ఫోనులో మాటాడుచుండిరి. "వాళ్ల గదులు వెచ్చగానే ఉన్నాయే. నన్ను వెనక గదిలో పడేశారు. సంక్రాంతికి వచ్చేస్తాను" అనుట స్పష్టముగా వినబడెను. పాలగ్లాసుతో వంటయింటికి తిరిగి వచ్చితిమి. ఇంటిలోకెల్ల ఎక్కువ ధనము వెచ్చించిన గది అదియే. అయినను ఆమె మాటలో అబద్ధమేమున్నది? మా గది వెచ్చగా నున్నది, ఆమె గది చల్లగా నున్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు కోపమంతయు గొట్టములమీదికి పోయినది. మేము ఇల్లు కొన్నపుడు వానిని పరీక్షించి నడిపించిన మేస్త్రికి, మీ పని చెడ్డదని కటువుగా ఉత్తరము వ్రాసితిమి. ఆయన వయసు మళ్లిన మనిషి. మూడవనాడు వచ్చి, మాటాడకుండ పని చూచిరి. బీరువా వెనుక, తివాసి పరువని మూలలో, వట్టి సిమెంటుమీద థర్మామీటరుంచిరి: 27 డిగ్రీలు. తివాసిమీద ఉంచిరి: 20. పిమ్మట గోడలో నీటిని పంచు పెట్టెను తెరచి, నేలలోనికి పోవు గొట్టముమీద ఒకసారి, మరలివచ్చు గొట్టముమీద ఒకసారి మాచేత చేయి వేయించిరి. రెండును ఒకటే వేడి. నీరు వేడిని మోసికొని పోవుచున్నది, దింపుటకు చోటులేక మరల మోసికొని వచ్చుచున్నది. "ఈ తివాసి ఎన్ని టాగులమ్మా?" అని ఆయన అడిగిరి.

టాగ్ అను మాట మేము అంతకుముందే చూచియుంటిమి. ఎచ్చటనో జ్ఞప్తికి రాలేదు. ఆ రాత్రి అత్తగారి దుప్పటి మడతపెట్టుచుండగా దాని అంచున కుట్టిన గుడ్డముక్కమీద కనబడెను: 13.5 టాగులు. బ్రిటనులో దుప్పట్లను ఆ లెక్కతోనే అమ్ముదురు. వేసవికి 4.5, గట్టి చలికి 13.5. దుస్తులు అను అర్థముగల వాడుకమాటనుండి ఆ పేరు పుట్టినది. ఒక వస్తువు వేడిని ఎంత గట్టిగా ఆపునో దానిచే కొలుతురు. దుప్పటికి టాగులెన్ని యెక్కువైన అంత మేలు. ఒంటి వేడిని పోనీయదు. మరి నేలకో? పెరటి కొట్టములోనికి పోయి, దాచిన చుట్టకాగితములు వెదకితిమి. తివాసి 2.3 టాగులు. క్రింది మెత్త 2.7. మొత్తము 5. వేసవి దుప్పటికంటె బరువైన దుప్పటిని మేము నేలకు కప్పి, నేల వెచ్చగా లేదని మేస్త్రిని తిట్టితిమి.

సంగతి అత్తగారికి చెప్పితిమి. ఆమె చాలసేపు నవ్విరి. "కుంపటి మీద బొంత కప్పి, కుంపటి రాజుకోలేదంటే ఎలా అమ్మాయ్? నన్నడిగితే గచ్చే చాలునని చెప్పేదాన్ని. తుడుచుకోవడానికీ బాగుండేది" అనిరి. మా తండ్రిగారు చిన్నతనమున మాకు ఇంటియొద్దనే అమరము చెప్పిరి. అందులో కుంపటికి హసంతి యని యొక పేరు. నవ్వునది యని యర్థము. రాళ్లు పరచి కట్టిన నేలకు కుట్టిమము అని పేరు. రెండు పదములును మాకు కంఠస్థములే. ఒకదానిమీద నొకటి యుంచి యాలోచించు తెలివి మాత్రము ఆమెకున్నది, మాకు లేకపోయినది.

ఆ వారాంతమున మావారు మా చిన్నదాని నోటుబుక్కు తీసికొని లెక్క వేసిరి. సోదరీమణులకును అది తేలికగానే బోధపడును. వస్తువు మందమెక్కువైనకొలది వేడి నాపును. వాహకత్వ మెక్కువైనకొలది వేడిని పోనిచ్చును. మందమును మీటర్లలో వ్రాసి వాహకత్వముచే భాగించిన దాని నిరోధము వచ్చును. దానిని పదింతలు చేసిన టాగులు. 10 మిల్లీమీటర్ల టైలు పదవవంతు టాగునకు లోపలనే. 15 మిల్లీమీటర్ల ఓకు కొయ్య సుమారు 0.9. నేలవేడికి పైన పరచునది అంతయు కలిసి 1.5 టాగులు మించకుండుట మంచిదని సాధారణ నియమము. తివాసి యయినచో మెత్తతో కలిపి 2.5 వరకు ఓర్చుకొనవచ్చునని అచ్చటి తివాసి వర్తకులే చెప్పుదురు.

ఇక వేడి మాట. మా గది 16 చదరపు మీటర్లు. నేల 27 డిగ్రీలు, గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ నేల సుమారు 1,200 వాట్ల వేడి నిచ్చును. తివాసిపైని 20 డిగ్రీలతో, 18 డిగ్రీల గదికి వచ్చినది సుమారు 300 వాట్లు మాత్రమే; అనగా నాలుగవవంతు. కాళ్లు కాలునేమోయని భయపడ నక్కరలేదు. కూర్చుండు గదులలో నేలపైభాగము 29 డిగ్రీలు మించకుండ అమర్తురు. అది ఒంటి వేడికంటె తక్కువే.

తరువాత ఒక్కొక్క వస్తువునుగూర్చి విచారించితిమి. మేము తెలిసికొన్నది యిది.

రాయి, టైల్సు అన్నిటికంటె నుత్తమము. నెమ్మదిగా వేడెక్కును, బాయిలరు ఆపిన పిమ్మటకూడ వేడిని కొన్ని గంటలు నిలుపుకొనును. వేడికి నేల సాగును, చల్లారిన ముడుచుకొనును. కావున టైల్సును సాగుగుణముగల జిగురుతోనే అతికింపవలెను, గోడల వెంబడి సందు విడువవలెను. ముసలివారుండు ఇంట మెరుగుపెట్టిన నున్నని రకము వలదు; కాలు జారును.

కొయ్యనేల చూచుటకు అందముగా నుండును. కాని ఒకే మ్రానునుండి కోసిన వెడల్పు పలకలు వేడికి ఎండి సందులు విడును. పొరలు పొరలుగా అతికించిన ఇంజినీర్డ్ వుడ్ అంతగా కదలదు. దాని పైభాగము 27 డిగ్రీలు మించరాదు. పరచుటకు ముందు పలకలను కొన్నినాళ్లు ఆ గదిలోనే యుంచవలెను. క్రొత్త సిమెంటు పూత పూర్తిగా ఆరక కొయ్య పరచినచో అది ఉబ్బును. పూత మందము 50 మిల్లీమీటర్ల వరకు మిల్లీమీటరునకు ఒక దినము చొప్పున ఆరుటకు గడువీయవలెనని అచ్చటి లెక్క. అంతకు మించిన మందమునకు ఇంకను ఆలస్యము.

లామినేటు పలకలు చౌక. నేలవేడికి తగునని తయారుచేసినవారు వ్రాసినవే కొనవలెను. వాని క్రింది పలుచని పొర టాగులు సయితము లెక్కలో చేర్చవలెను. వినైలు పలుచన గనుక త్వరగా వేడెక్కును, తుడుచుట సులభము; దానికిని 27 డిగ్రీలే హద్దు. దానిమీద రబ్బరు అడుగుగల చాపలు వేసిన మరకలు పడును. తివాసియే కావలెననువారు పలుచనిదానిని, గట్టిగా పలుచగా నున్న మెత్తతో పరచుకొనవచ్చును. తివాసి శత్రువు కాదు. లెక్క చూడకుండుటయే శత్రువు.

అత్తగారిని అడిగితిమి. ఈసారి ముందుగా అడిగితిమి. "తడిగుడ్డ పెట్టి తుడవగలిగేది, ముగ్గు వెయ్యగలిగేది" అనిరి. గరుకుపైభాగముగల బూడిదరంగు టైల్సు నిశ్చయమైనవి. వేసవిలో మావారు పరీక్షాపత్రములు దిద్దగా వచ్చి నిలువయున్న ధనము దానికి సరిపోయెను. తివాసిని పారవేయలేదు. మేడమీది గదులలో నేలవేడి లేదు గనుక కత్తిరించి అచ్చట పరచితిమి. మరక పడినభాగము మంచము క్రిందికి పోయినది. మేస్త్రికి క్షమాపణముతో నింకొక ఉత్తరము వ్రాసితిమి. ఆయనయే వచ్చి టైల్సు పనివారికి గొట్టము లెంత లోతున నున్నవో చూపిరి.

పని డిసెంబరు నడుమ జరిగినది. జిగురు, సందులలోని పూత బాగుగా ఆరువరకు నేలవేడి నాపివేసిరి. పిమ్మట ఒక్కసారి పెంచక, దినమునకు కొద్ది డిగ్రీల చొప్పున పెంచవలెననిరి. తొందరపడిన పగుళ్లు పుట్టునట. అన్నాళ్లు అత్తగారిని చేయిపట్టి మెట్లెక్కించి మా గదిలో నుంచితిమి. మేము ముందుగదిలో పరుంటిమి. ఆ పది పదునైదు దినములలో ఆమెయు మేమును మాటాడుకొన్నంత, వచ్చినది మొదలు ఎన్నడును మాటాడుకొనలేదు. ఫోనులో విన్న మాటను మాత్రము మేము ఎత్తలేదు, ఆమెయు ఎత్తలేదు.

జనవరి మొదటివారమున వెనుకగది సిద్ధమైనది. అత్తగారు గడపయొద్ద నిలిచి, చెప్పులు విడిచి, ఒక పాదము మోపి చూచిరి, పిదప రెండవది. ఏమియు అనక నడుమకు పోయి కూర్చుండిరి. కొంతసేపటికి అరచేయి నేలకానించి, "మధ్యాహ్నం ఎండకి కాగిన అరుగులా ఉంది" అనిరి. మరునాడు పీట వేయించుకొని భోజనము చేసిరి; లేచి తామే తడిగుడ్డతో తుడిచిరి. తుడిచిన తడి చూచుచుండగానే ఆరిపోయెను. థర్మామీటరు 21 డిగ్రీలు చూపినది, నీటి వేడి మునుపటికంటె తక్కువగానే యున్నను. భోగినాడు బియ్యపుపిండితో గది నడుమ ముగ్గు వేసి, మా చిన్నదానిచేత చుక్కలు పెట్టించిరి.

ఆ సాయంకాలము ఆడబిడ్డ ఫోను చేసినపుడు, "ఇప్పుడేం తొందర, ఉగాదికి వస్తాలే" అనిరి. మేము వంటయింటిలోనే యుంటిమి. ఈసారి ఆమె మాకు వినబడునట్లే గట్టిగా పలికిరి.

సోదరీమణులారా! నేలవేడిగల యింట అడుగుపెట్టువారు కొన్ని మాటలు గుర్తుంచుకొనుడు. ఏది కొనబోయినను టాగు లడుగుడు. పైపొరయు క్రిందిపొరయు కూడి లెక్కింపుడు. ఇది వేడినేలకని దుకాణదారుతో ముందుగానే చెప్పుడు. కాళ్లు లేక నేలకంటియుండు పెట్టెలను, బీరువాలను గొట్టములమీద నుంచకుడు. మనకు నేలమీద పక్కవేసికొను అలవాటుండును. విద్యుత్తీగలతో వేడెక్కు నేలలయందు దళసరి పరుపు గాని బొంత గాని వేసి విడిచినచో క్రింది వేడి పోవుటకు త్రోవలేక తీగలు చెడును, అపాయమును కలుగును. అచ్చట మంచమే క్షేమము.

ఇవన్నియు లెక్కకు సంబంధించినవి. పుస్తకము చూచిన తెలియును. లెక్కలో లేనిది ఒక్కటి గలదు. నేలమీద కూర్చుండబోవువారెవరో వారినడిగి నేల పరచుడు. మేము అత్తగారికి మెత్తదనము కావలెనని మేమే తలచి, మేమే కొని, మేమే పరచితిమి. ఆమెకు కావలసినది వెచ్చదనము, తుడుచుకొనుటకు వీలు. అది క్రిందనే సిద్ధముగా నుండెను. అడుగకుండ చేసిన ఆదరము దానిని పైకి రానీయలేదు.